ఎడమచేతి ముద్ద

బుధవారం సాయంత్రం ల్యాబ్ నుంచి ఇంటికి వెళ్ళే దారి వదిలేసి, అలెగ్జాండ్రియా దాకా డ్రైవ్ చేసి, ఆల్మాజ్ రెస్టారెంట్‌లో పార్సెల్ తీసుకున్నాను. బయట వర్జీనియా చలి. కారు అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. రెండో సిగ్నల్ దాటేసరికి కారంతా ఆ వాసన నిండిపోయింది. ముందుగా తగిలేది పులిసిన పిండి వాసన. రాత్రి రుబ్బి పెట్టిన దోసెల పిండి మూత తీస్తే వచ్చేదే, కాకపోతే ఇది ఇంకాస్త ఘాటు. దాని వెనకాలే ఎండుమిర్చి, మెంతులు, అల్లం దట్టించి ఉడికించిన మసూరు పప్పు వాసన. ఇథియోపియా వాళ్ళ వంట అది. జగిత్యాలలో పుట్టి పెరిగిన నాకు ఆ వాసన తగిలితే ఆకలి, దాంతోపాటే ఒక దిగులు, రెండూ ఒకేసారి మొదలవుతాయి.

పార్సెల్ సంచీని పక్క సీట్లో పెట్టి సీట్ బెల్ట్ వేశాను. మా ఆయన చూస్తే ‘దానికి ఇన్సూరెన్స్ కూడా తీసుకో’ అంటాడు. అననీ. ఒకసారి హైమవతి గారి కారులో సడన్‌గా బ్రేక్ పడి ఈ పప్పంతా సీటు మీద ఒలికిపోయింది. ‘ఇక నుంచి దీనికీ బెల్ట్ పెట్టాలమ్మాయ్, ఇదీ మనతో వచ్చే మనిషే’ అన్నారావిడ. ఆ మాట సరదాకే అన్నా తర్వాత ప్రతి బుధవారం నిజంగానే పెట్టేవారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. బెల్ట్ పెట్టడం మాత్రం నేను మానలేదు.

డాక్టర్ హైమవతి గారు నాకు బాస్. ఊరు తెనాలి. డెబ్బైల్లో డాక్టరుగా అమెరికా వచ్చి, షాంటిలీలోని ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో పాథాలజిస్టుగా స్థిరపడ్డారు. ఆపరేషన్లలో, బయాప్సీల్లో తీసిన కండ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి అందులో జబ్బుందో లేదో చెప్పడం ఆవిడ పని. ఆ ముక్కల్ని మైనంలో పోతపోసి, దిమ్మలుగా చేసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడ్ మీదికి ఎక్కించి ఆవిడ చేతికివ్వడం నా పని. పొట్టి మనిషి. తెల్లకోటు కింద నేత చీరె, కాళ్ళకి రన్నింగ్ షూస్, నుదుట రూపాయి కాసంత బొట్టు. స్లైడ్ చేతికిస్తే వెంటనే మైక్రోస్కోప్ కింద పెట్టేవారు కాదు. కుడిచేత్తో దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి, ఒక కన్ను మూసి, ఊరికే చూసేవారు. ‘ముందు మామూలు కంటితో చూడు. మిషను చెప్పేది తర్వాత’ అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. నేను ఆవిడను మొదట చూసింది కూడా అలాగే, కిటికీ దగ్గర చెయ్యెత్తి నిలబడి ఉండగా.

ఆ రోజుల్లో నాకు ఒక పొగరుండేది. దాన్ని పొగరని అప్పుడు అనుకోలేదు, పద్ధతనుకున్నాను. మా నాన్న ఆర్టీసీ కండక్టరు. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతకాలన్నది ఆయన మాకు పెట్టిన మొదటి పాఠం. పక్కింట్లో చారెడు చక్కెర అడిగొస్తే కూడా ఇంట్లో పంచాయితీ అయ్యేది. అమెరికా వచ్చి ఎంఎస్ చేస్తున్నప్పుడు మూడు మైళ్ళు నడిచి సామాన్లు మోసుకొచ్చానే కానీ కారున్న ఏ ఫ్రెండ్‌నీ రైడ్ అడగలేదు. ఉద్యోగంలోకీ ఆ పద్ధతే తెచ్చుకున్నాను. ఇక్కడ అది ఒక రోగి మీదికి వచ్చింది.

చేరిన మూడో నెల. ఒకావిడ బయాప్సీ ముక్క వచ్చింది, బియ్యపు గింజంత కూడా లేదు. కోస్తుంటే పొర మడత పడుతోంది. మళ్ళీ కోశాను, చిరిగింది. మళ్ళీ కోశాను. పక్క టేబుల్ దగ్గర పాతికేళ్ళ అనుభవమున్న మనిషి కూర్చుని ఉంది, ఒక్క మాట అడిగితే చేసిపెట్టేది. అడగలేదు. ఎవరికీ తెలియకుండా నేనే సరిచేసుకుందామనుకున్నాను. చూస్తుండగానే దిమ్మలో ఉన్న ముక్క దాదాపు అయిపోయింది. మొత్తం మీద చూడదగ్గ స్లైడ్ ఒకే ఒక్కటి మిగిలింది. దాన్ని, అరిగిపోయిన దిమ్మను పట్టుకుని హైమవతి గారి గదిలోకి వెళ్ళాను.

ఆవిడ స్లైడ్‌ని వెలుగులో చూశారు. తర్వాత దిమ్మ చూశారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. అరగంట సేపు ఆ ఒక్క స్లైడ్ మీదే కూర్చున్నారు. అదృష్టం కొద్దీ అందులోనే కావలసింది దొరికింది. ఆ రోగి డాక్టరుకి తనే ఫోన్ చేసి, ముక్క కోతలో చాలావరకు పోయిందనీ, ఉన్నదానితో చెప్పగలిగాననీ దాచకుండా చెప్పారు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

“ఎన్నోసారికి చిరిగింది?”

“రెండోసారికే మేడమ్.”

“మరి మూడోసారి ఎందుకు కోశావ్? పక్కన మనిషి లేదూ?”

“అడుగుడు ఎందుకని... నేనే చేసుకోవచ్చనుకున్న.”

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నీ పరువు నిలబెట్టుకోవడానికి ఆ తల్లి శరీరంలో ముక్క ఖర్చుపెట్టావమ్మాయ్. ఈ పనిలో సాయం అడగనివాళ్ళు నాకు అక్కర్లేదు” అన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆవిడ పర్సు భుజానికి తగిలించుకుని, “పద, భోజనానికి వెళ్దాం. ఇవ్వాళ బుధవారం” అన్నారు. బుధవారానికీ భోజనానికీ సంబంధమేమిటో నాకు తెలియలేదు. అడగడం నాకు రాదని ఇందాకే తేలిపోయింది కాబట్టి అడగలేదు.

అలా మొదటిసారి ఆల్మాజ్ రెస్టారెంట్‌కి వెళ్ళాను. ఒక స్ట్రిప్ మాల్‌లో లాండ్రీకీ, సెల్‌ఫోన్ల కొట్టుకీ మధ్య ఇరుకైన చోటు. ఆల్మాజ్ దాని యజమానురాలు. హైమవతి గారి కన్నా పదేళ్ళు చిన్నదై ఉంటుంది, పొడగరి, తలకి తెల్లటి నూలు వస్త్రం చుట్టుకుని ఉంది. వాళ్ళ క్రైస్తవంలో బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఉపవాసమంటే ఆ రోజు మాంసం, పాలు, నెయ్యి ఏవీ ముట్టరు. కాబట్టే శాకాహారి అయిన హైమవతి గారికి బుధవారం పండగ. ‘మన శనివారం లాంటిదే అనుకో. ఇవ్వాళ ఈవిడ వంటింట్లోకి కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు’ అన్నారు. కోడికూర లేనిదే ముద్ద దిగని నా ముఖం చూసి నవ్వారు కూడా.

గడ్డితో అల్లిన పెద్ద బుట్టలాంటి బల్ల. దాని మీద ఒకే ఒక్క పళ్ళెం. పళ్ళెం నిండా పరిచిన బూడిదరంగు అట్టు, మెత్తగా, చిన్న చిన్న బొక్కలతో. దాన్నే ఇంజెరా అంటారు. దాని మీదే కుప్పలుగా మసూరు పప్పు, సెనగపిండి కూర, ఆకుకూర, క్యాబేజీ. ఇద్దరం అందులోనే తినాలి. మా ఇంట్లో అమ్మ తిన్న కంచంలో నేను తినను, నా గ్లాసు చెల్లి ముట్టుకోదు. ఎంగిలి అంటే ఎంగిలే. సర్వ్ చేస్తున్న ఆల్మాజ్‌ని ఫోర్క్, వేరే ప్లేటు అడిగాను. ప్లేటు ఇవ్వబోతుంటే, కుడిచేతిలో ఫోన్ ఉందని ఎడమ చెయ్యి చాచాను. ఆవిడ ప్లేటు వెనక్కి లాక్కుని నా ఎడమ చేతి మీద చిన్నగా ఒక్కటి వేసింది. గట్టిగా కాదు, మా అమ్మ వేసినట్టే. “ఎడమ చెయ్యి తిండి దగ్గరికి రాకూడదు” అంది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, నేను తెలుగులో రాస్తున్నాను. ఏడు సముద్రాల అవతల ఎవరో పరాయి దేశపు మనిషి చేతిలో జగిత్యాల దెబ్బ తింటానని నేనెన్నడూ అనుకోలేదు. హైమవతి గారు పగలబడి నవ్వారు.

తర్వాత ఆవిడ ఇంజెరా ముక్క తుంచి, అందులో పప్పు, ఆకుకూర పెట్టి, తమలపాకు చిలక చుట్టినట్టు చుట్టి, నా నోటి దగ్గరికి తెచ్చారు. గుర్షా అంటారు దాన్ని. బల్ల దగ్గర ఉన్నవాళ్ళు ఒకరికొకరు పెట్టుకోవడం వాళ్ళ మర్యాద. ఒక్కటితో ఆపరు, మూడు పెడతారు. ఇదంతా ఆవిడ చెయ్యి అలా పట్టుకునే చెప్పారు. నేను వెనక్కి జరిగాను.

“వద్దు మేడమ్. నేను తింట.”

“నువ్వు తింటావని నాకు తెలుసు. నేను పెడితే తింటావా అని.”

“మంచిగనిపియ్యదు మేడమ్. ఎంగిలి...”

“ఎదుటి మనిషి చెయ్యి గాల్లో ఉంది రజితా. దాన్ని అట్లా ఉంచకూడదు. నోరు తెరువు.”

తెరిచాను. ఉద్యోగం ఉంచుతారో తీస్తారో తెలియని బాస్ పెట్టిన ముద్దను అందరి ముందూ నమిలాను. పుల్లగా ఉంది, కారంగా ఉంది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కారం వల్ల అని చెప్పాను. ఆవిడ ఇంకా రెండు పెట్టి, చెయ్యి తుడుచుకుని, “సోమవారం నుంచి రోజూ ఒక దిమ్మ తీసుకుని నా దగ్గరికి రా. కోయడం నేను నేర్పిస్తా. రోజూ అడగాలి, నేనై పిలవను” అన్నారు. ఆ సోమవారం నుంచీ నాకు అదే బడి అయింది.

రోజూ అడిగాను. మొదట్లో తలుపు దగ్గరే తచ్చాడేదాన్ని, తర్వాత అలవాటైంది. మైనాన్ని ఐసు మీద ఎంతసేపు ఉంచాలో, బ్లేడు ఏ వాటంలో పట్టాలో, పొర నీళ్ళ మీద తేలుతుంటే ఊపిరి ఎలా బిగబట్టాలో చెప్పారు. ఆవిడ కుడి చెయ్యి పని చేస్తుంటే చూడటం నాకు ఇష్టంగా ఉండేది. అంత నెమ్మదైన చెయ్యి నేను ఎవరికీ చూడలేదు. నా లైసెన్స్ పరీక్షకి చదివించింది ఆవిడే. పెళ్ళయ్యాక కాపురం పెట్టుకోవడానికి ఇల్లు వెతికిపెట్టింది ఆవిడే. మా పాప పుట్టినప్పుడు అమ్మకి వీసా రాకపోతే, నలభై రోజులు కారియర్ తెచ్చి, పథ్యం అన్నం కలిపి నాకు పెట్టింది ఆవిడే. తీసుకోవడం నేర్చుకున్నాను. మా నాన్న పాఠం తప్పని నేననను, కానీ దాంతోనే ఉండిపోతే నేను చాలా ఒంటరి మనిషినయ్యేదాన్ని. ఇవన్నీ ఆవిడకి ఏదో ఉపకారం చేస్తున్నట్టు ఉండేవి కాదు. బుధవారం వస్తే మాత్రం పన్నెండున్నరకల్లా కారు దగ్గర నిలబడి హారన్ కొట్టేవారు.

రిటైర్ అవడానికి ఆర్నెల్ల ముందు ఆవిడకి స్ట్రోక్ వచ్చింది. మాట నిలబడింది, కాస్త నెమ్మదించిందంతే. నడక కర్రతో నిలబడింది. కుడి చెయ్యి మాత్రం పోయింది. ఒళ్ళో పెట్టుకుంటే పెట్టుకున్నట్టే ఉండిపోయేది. ఫిజియోథెరపీ చేయించారు, కొద్దిగా భుజం కదిలింది, వేళ్ళు కదల్లేదు. ఇక రావని ఆవిడకే ముందు తెలిసింది, డాక్టరు కదా.

ఆ తర్వాత జరిగింది నా చేతుల మీదుగా జరిగింది కాబట్టి అది కూడా రాయాలి. షాంటిలీలోనే మా స్నేహితుల గృహప్రవేశం. బతిమాలి ఆవిణ్ణి తీసుకెళ్ళాను. ఇండియన్ స్టోర్‌లో కొన్న అరిటాకులు పరిచి, అందరినీ వరసగా కూర్చోబెట్టి వడ్డించారు. మామూలప్పుడు స్పూన్‌తో తినేవాళ్ళు కూడా ఆ రోజు సరదాగా చేత్తో కలుపుతున్నారు. హైమవతి గారు ఆకు ముందు కూర్చుని అలాగే చూస్తున్నారు. మనవాళ్ళ మధ్య అరిటాకు ముందు ఎడమ చేత్తో ముద్ద కలపడమంటే ఏమిటో మనకి చెప్పనక్కర్లేదు. నేను ఇంటావిడ చెవిలో, ఒక స్పూన్ తెప్పించమని అడిగాను. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

ఇంటావిడ వంటింట్లోకి గట్టిగా కేకేసింది. “డాక్టర్ ఆంటీకి స్పూన్ తెండి! పాపం ఆవిడ కుడి చెయ్యి పనిచేయదు కదా!” వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి. ఇంకో పెద్దావిడ హైమవతి గారి పక్కకి జరిగి కూర్చుని, పప్పన్నం కలిపి, “అయ్యో, ఎంతమందికి వైద్యం చేసిన చెయ్యమ్మా! నేను పెడతా, తిను తల్లీ” అంటూ ముద్ద నోటి దగ్గర పెట్టింది. ఆ పెద్దావిడ కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. నిజమైన జాలే, అదే వచ్చిన చిక్కు. అందరూ తినడం ఆపి చూస్తున్నారు. హైమవతి గారు చిరునవ్వు నవ్వి, “ఆకలిగా లేదమ్మా, పొద్దున లేటుగా తిన్నాను” అని కర్ర అందుకుని లేచారు. ఇంటి దగ్గర కారు దిగేటప్పుడు, “నేనెవరికీ వైద్యం చేయలేదు. నేను పాథాలజిస్టుని” అన్నారు.

అప్పట్నుంచీ ఎవరి ముందూ తినడం మానేశారు. మేము కారియర్లు తీసుకెళ్తే ‘అక్కడ పెట్టు, తర్వాత తింటా’ అనేవారు. రెండ్రోజుల తర్వాత వెళ్తే అది ఫ్రిజ్‌లో పెట్టింది పెట్టినట్టే ఉండేది. తలుపేసుకుని ఏదో డబ్బా పాలు తాగి ఊరుకునేవారు. చిక్కిపోయి చీరె కుచ్చిళ్ళు ఎక్కువ వస్తుంటే నాచేత సేఫ్టీ పిన్నులు పెట్టించుకునేవారు. బుధవారాలు ఆగిపోయాయి. టెక్సస్‌లోని ప్లేనోలో ఉండే వాళ్ళబ్బాయి శ్రీకర్ నాకు ఫోన్ చేశాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడు.

“రజితా, అమ్మ నాట్ ఈటింగ్. నేను కాల్ చేస్తే ‘తిన్నాను, తిన్నాను’ అంటుంది. షీ లాస్ట్ సో మచ్ వెయిట్. నెక్స్ట్ మంత్ నేను వచ్చి ప్లేనో తీసుకెళ్తాను. ఇక్కడ ఒక కేర్ హోమ్ ఉంది. నర్స్ ఉంటది, వాళ్ళే ఫీడ్ చేస్తారు.”

“ఆమెకు ఇల్లు ఇడిచిపెట్టి వచ్చుడు ఇష్టం లేదు శ్రీకర్.”

“ఐ నో. బట్ తినకపోతే ఇంక ఎట్లా? యూ టెల్ మీ.”

వాడి తప్పేమీ లేదు. కానీ ఎవరో పెడితే తినాల్సి వస్తుందనే కదా ఆవిడ అన్నం మానేసింది, చివరికి అలా పెట్టే చోటికే పంపాల్సి వస్తోంది. ఒక నెల గడువు ఉంది. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఒక్కటే, అందరూ అందరికీ పెట్టే బల్ల. అక్కడ నోరు తెరిచిన మనిషిని ఎవరూ వింతగా చూడరు, అక్కడ తెరవకపోతేనే వింత.

భోజనానికంటే రారని తెలుసు. కాఫీకి పిలిచాను. “కాఫీకైతే వస్తా. కప్పు ఏ చేత్తో పట్టుకున్నా ఎవడికీ పట్టదు” అన్నారు. ఆల్మాజ్‌కి ముందు ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. స్పూన్ అడిగిన రోజు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఎవరి చెవిలోనూ ఏదీ ఊదకూడదని అనుకున్నాను.

వాళ్ళ కాఫీ ఒక పూట పని. పచ్చి గింజల్ని పెనం మీద మన ఎదురుగానే వేయించి, ఆ పొగ మన ముఖానికి తగిలేలా పెనం తిప్పుతారు. సాంబ్రాణి వేస్తారు. మట్టి కూజాలో కాచి, మూడు విడతలు పోస్తారు. మూడోది తాగకుండా లేవకూడదు. పక్కన మొక్కజొన్న పేలాలు పెడతారు. ఆల్మాజ్ హైమవతి గారిని చూసి చాలాసేపు కౌగిలించుకుంది. శాలువా కింద దాచుకున్న చేతిని చూసింది. ఏమీ అడగలేదు. మొదటి కప్పు పోసింది. హైమవతి గారు ఎడమ చేత్తో అందుకుని తాగారు. రెండో కప్పు పోసే ముందు ఆల్మాజ్ లోపలికి వెళ్ళి ఒక పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి, వంట చేసే చెల్లెల్ని కూడా పిలిచి, ఇద్దరూ మా దగ్గరే కూర్చున్నారు. “మేము పొద్దుటి నుంచీ తినలేదు, మీతో తింటాం” అంది. అది బుధవారమే.

ముందు చెల్లెలికి పెట్టింది, మూడు. చెల్లెలు ఆవిడకి పెట్టింది. తర్వాత నాకు. నేను నోరు తెరిచి తిన్నాను. తర్వాత ఇంజెరా తుంచి, పప్పు చుట్టి, హైమవతి గారి నోటి దగ్గర పెట్టింది. జాలిగా కాదు, తొందరగా కాదు, మాకు పెట్టినట్టే.

హైమవతి గారి పెదాలు బిగిసే ఉన్నాయి. ఆల్మాజ్ చెయ్యి దించలేదు. పప్పు నూనె ఆవిడ మణికట్టు దాకా కారింది. అయినా అలాగే పట్టుకుంది. నాకు భయం వేసింది. ఇక్కడ కూడా లేచి వెళ్ళిపోతే ఇంక తీసుకెళ్ళడానికి నా దగ్గర వేరే చోటు లేదు.

“మేడమ్,” అన్నాను, “ఎదుటి మనిషి చెయ్యి గాల్లో ఉన్నది. అట్ల ఉంచొద్దని మీరే చెప్పిన్రు.”

ఆవిడ నా వైపు తిరిగి చూశారు. కోపమొచ్చిందో, నవ్వొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. “నా పాఠం నాకే చెప్తున్నావా?” అన్నారు. అనడానికి నోరు తెరిచారు కదా, ఆల్మాజ్ ముద్ద పెట్టేసింది.

నమిలారు. చాలాసేపు నమిలారు. రెండోదానికి తనే నోరు తెరిచారు. మూడోది అయ్యాక, “ఉప్పు తక్కువైంది” అన్నారు. ఆల్మాజ్ నొచ్చుకోలేదు సరికదా, లోపలికి వెళ్ళి నిజంగానే ఉప్పు తెచ్చి చల్లింది. ఆ రోజు పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నలుగురం తిన్నాం. ఎవరు ఎవరికి పెట్టారో లెక్క లేదు. మూడో కప్పు కాఫీ తాగి, పార్సెల్ కూడా కట్టించుకుని, బెల్ట్ పెట్టి, ఇంటికి వచ్చాం. ఆ రాత్రి శ్రీకర్‌కి ఫోన్ చేసి చెప్తే, వాళ్ళమ్మ ఏమేం తిన్నదో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

బుధవారాలు మళ్ళీ మొదలయ్యాయి. బుధవారం తిన్న ధైర్యంతో గురువారం నేను పెడితే తిన్నారు, శుక్రవారం తనే స్పూన్ పట్టుకున్నారు. శ్రీకర్ వచ్చాడు, రెస్టారెంట్‌కి వచ్చి తల్లికి మూడు ముద్దలు పెట్టాడు, ఒక్కడే ప్లేనో వెళ్ళిపోయాడు.

ఇంకో మాట చెప్పకుండా ఆపలేను. మళ్ళీ మొదలైన నాలుగైదు నెలలకి, ఒక బుధవారం. ఆల్మాజ్ కాఫీ కూజా పట్టుకుని బల్ల పక్కన నిలబడి ఉంది. నేను హైమవతి గారికి మూడు పెట్టి చెయ్యి తుడుచుకుంటున్నాను. ఆవిడ శాలువాలోంచి ఎడమ చెయ్యి బయటికి తీశారు. ఇంజెరాని తుంచబోయారు. ఒంటి చేత్తో అది తెగదు, మొత్తం అట్టు లేచి వస్తోంది. నేను పట్టుకోబోతే, “నువ్వాగు” అన్నారు. మునివేళ్ళతో అదిమి, గోటితో కోసి, ఎలాగో ఒక ముక్క తుంచారు. అందులో పప్పు పెట్టారు. చుట్టడానికి మూడుసార్లు ప్రయత్నించారు. ఎంత నెమ్మదైన మనిషి, ఎంత చక్కని పని చేసిన మనిషి! చిన్నపిల్ల చేసినట్టు వంకరగా వచ్చింది. పప్పు ఒకవైపు నుంచి కారుతోంది. దాన్ని ఎడమ చేత్తో ఎత్తి నా నోటి ముందుకు తెచ్చారు.

నేను ముందు ఆల్మాజ్ వైపు చూశాను. నా ఎడమ చేతి మీద ఒక్కటి వేసిన మనిషి ఆవిడ. కూజా పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

“నా దగ్గర ఇదే ఉంది,” అన్నారు హైమవతి గారు. “ఇన్ని నెలలుగా తీసుకోవడమే అయింది. పెట్టకుండా ఎన్నాళ్ళు కూర్చోను? కావాలా, వద్దా?”

నోరు తెరిచాను. పెదాలకి, గడ్డానికి అంటుకుంటూ ఆ ముద్ద లోపలికి వచ్చింది. మొదటి రోజు కారం వల్ల అని అబద్ధం చెప్పాను, ఆ రోజు ఏమీ చెప్పలేదు. ఆల్మాజ్ కూజాని కింద పెట్టింది. తలకి చుట్టుకున్న వస్త్రం కొసతో కళ్ళు ఒత్తుకుని, “ఒక్కటితో ఆపకూడదు డాక్టర్. ఇంకా రెండు” అంది.

ఇంకా రెండు పెట్టారు. మూడోది కాస్త నయంగా వచ్చింది.

ఆవిడ తన ఇంట్లోనే, తన మంచం మీదే పోయారు. నేను ఇప్పుడు ల్యాబ్‌లో కొత్తవాళ్ళకి కోత నేర్పిస్తున్నాను. రెండోసారి చిరిగితే బ్లేడు కింద పెట్టి అడగమంటాను. నేనూ అడుగుతాను, నా కన్నా చిన్నవాళ్ళని కూడా. స్లైడ్‌ని వెలుగులోకి ఎత్తినప్పుడల్లా ఆవిడ కుడి చెయ్యి గుర్తొస్తుందని అందరూ అనుకుంటారు. నాకు గుర్తొచ్చేది రెండోది.

పార్సెల్ తీసుకుని ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. మా పాప తన్వికి నాలుగేళ్ళు. అది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. జగిత్యాలలో అప్పుడు తెల్లవారుజాము ఐదు, అమ్మ అప్పటికే లేచి వీడియో కాల్‌లో ఉంది. ఫోన్‌ని గ్లాసుకి ఆనించి, బల్ల మీద ఇంజెరా పరిచాను. తన్వి కుర్చీ మీద మోకాళ్ళ మీద నిలబడి, ఒక ముక్క తుంచి, పప్పులో ముంచి, వేళ్ళన్నీ ఎర్రగా చేసుకుని, “అమ్మా, ఆఁ” అంటూ నా నోటి దగ్గర పెట్టింది.

ఫోన్‌లోంచి అమ్మ కేక వేసింది. “అయ్యో, ఆ చెయ్యి కాదు బిడ్డా! కుడి చెయ్యి, కుడి చెయ్యి! రజితా, నువ్వన్న చెప్పవానే?”

అప్పటికే నేను నోరు తెరిచాను.